కారు మొర వినుట: ఇంటికి తగిన చౌక స్కానరు

గుడివాడకును కైకలూరునకును నడుమ రైలుమార్గముపై గల ఊరు మండవల్లి. ఊరి చుట్టును వరిచేలు, చేపల చెరువులు, ఉత్తరమున కొల్లేరు. 2022 ఏప్రిల్ నుండి ఈ మండలము ఏలూరు జిల్లాలో చేరినది. ఇట్టి చోట వానకాలపు రాత్రి ఒక గృహస్థుడు జబ్బుపడిన తల్లిని ఏలూరు ఆసుపత్రికి తీసికొని పోవుటకై కారును బయటికి తీసినాడని భావింపుడు. ఇంజను ఆడినది, కాని స్పీడామీటరు ప్రక్కన ఇంజను బొమ్మ గల పసుపుపచ్చని దీపము ఆరిపోక నిలిచినది. బయలుదేరవచ్చునా, కూడదా? ఆ వేళ మెకానిక్కు షెడ్డు తెరచి యుండదు. దీపము ఏదో చెప్పుచున్నది. అది యేమో వినుటకు ఇంటిలో సాధనము లేదు.

ఆ సాధనమే కోడ్ రీడరు. మెకానిక్కులు దానిని స్కానరు అందురు. ఒకప్పుడు పెద్ద షెడ్లలో మాత్రమే ఉండెడి ఈ వస్తువు నేడు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నది. చౌకగా దొరకుట మంచిదే. కాని ఎట్టిది కొనవలెను, అది చెప్పు మాటను ఎంతవరకు నమ్మవలెను అను రెండు ప్రశ్నలకు సమాధానము తెలియనిచో, స్కానరు వలన మిగులు డబ్బు కంటె పోవు డబ్బే ఎక్కువ కావచ్చును.

దీపము ఎందుకు వెలుగును?

పాతకాలపు కార్లలో పెట్రోలును గాలిని కలుపు పని కార్బురేటరుది. నేటి కారులో ఆ పనిని ఒక చిన్న కంప్యూటరు నడపును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఈ పాలు తప్పకుండ ఉంచుటకై కంప్యూటరు కొన్ని సెన్సర్లను కావలి పెట్టుకొనును. లోనికి పోవు గాలి ఎంత, ఇంజనును చల్లబరచు నీటి వేడి ఎంత, క్రాంక్ షాఫ్టు ఎంత వేగముగా తిరుగుచున్నది, పొగలో ఆక్సిజను ఎంత మిగిలినది అను సంగతులను అవి విద్యుత్తు రూపమున క్షణక్షణము తెలుపుచుండును.

కంప్యూటరునకు కన్నులు లేవు, చెవులు లేవు. అయినను ఒక సిలిండరులో పెట్రోలు మండలేదని అది కనిపెట్టగలదు. ఎట్లు? సిలిండరులో మంట పుట్టిన ప్రతిసారి క్రాంక్ షాఫ్టునకు ఒక త్రోపు తగులును. ఒక త్రోపు తప్పినచో ఆ క్షణమున దాని వేగము రవ్వంత తగ్గును. షాఫ్టుతో పాటు తిరుగు పండ్ల చక్రము ఎదుట నున్న సెన్సరు ఆ తగ్గుదలను పట్టును. ఏ సిలిండరు వంతు వచ్చినపుడు వేగము తగ్గినదో లెక్క చూచుకొని, తప్పు ఆ సిలిండరుదని కంప్యూటరు వ్రాసికొనును.

కాని ఒక్కసారి తప్పు కనబడినంతనే దీపము వెలిగింపదు. పెక్కు తప్పుల విషయమున మొదటి ప్రయాణములో దానిని అనుమానముగా మాత్రమే గుర్తు పెట్టుకొనును. తరువాతి ప్రయాణములోను అదే తప్పు కనబడినచో అప్పుడు దీపము వెలిగించును. ఈ అనుమానములను కూడ చదువగల స్కానరు, దీపము వెలుగకముందే రోగమును చెప్పగలదు. కొనునపుడు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

పొగ నుండి పుట్టిన చట్టము

ఈ ఏర్పాటు కారు యజమానుల సౌకర్యమునకై పుట్టినది కాదు. ఊరి గాలిని కాపాడుటకై పుట్టినది. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరమును కన్నులు మండించు పొగమంచు కమ్ముచుండెడిది. కార్ల పొగ ఎండలో మార్పు చెందుటయే దానికి కారణమని హాగెన్ స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతమున చూపెను. తరువాత కాలిఫోర్నియా రాష్ట్రము, పొగను అదుపులో నుంచు భాగములు చెడినచో కారు తానే ఆ సంగతి చెప్పవలెనని 1988 నమూనా కార్లతో నియమము పెట్టెను. అప్పటి కార్లలో ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి. కొన్నింటిలో రెండు కొనలను తీగతో కలిపి, దీపము ఎన్నిమారులు మినుకుమన్నదో లెక్కపెట్టి తప్పును తెలిసికొనవలసి వచ్చెడిది. 1996 నుండి అమెరికాలో అమ్ము కార్లన్నింటికి ఒకే ఆకారము గల ప్లగ్గు, ఒకే సంకేతభాష వచ్చినవి. దీనినే ఓబీడీ-2 అందురు. ఐరోపా దేశములు 2001లో కొత్త పెట్రోలు కార్లకు ఇట్టి పద్ధతినే విధించినవి.

భారతదేశములో భారత్ స్టేజి 4 నియమములతో 2010 ఏప్రిల్‌లో మొదటి మెట్టు, 2013 ఏప్రిల్‌లో రెండవ మెట్టు వచ్చినవి. కాని స్టేజి 4 మొదట హైదరాబాదు మొదలైన 13 నగరములకు మాత్రమే పరిమితము. దేశమంతటికి 2017 ఏప్రిల్ 1న వర్తించినది. స్టేజి 6 నియమములు 2020 ఏప్రిల్ 1న వచ్చినవి. కాబట్టి కొల్లేటి ప్రాంతములో 2017కు ముందు కొన్న కారునకు సంవత్సరమును మాత్రమే చూచి, స్కానరు పనిచేయునని నిశ్చయింపరాదు. స్టీరింగు క్రింద 16 కొనల ప్లగ్గు ఉన్నను, ఆ కారు కంపెనీ సొంతభాషలో మాటలాడవచ్చును. రిజిస్ట్రేషను పత్రములో భారత్ స్టేజి సంఖ్య ఉన్నచో ముందు దానిని చూడవలెను.

సంకేతములోని వ్యాకరణము

స్కానరు చూపు సంకేతములో ఒక అక్షరము, నాలుగు అంకెలు ఉండును. ఉదాహరణమునకు పి0301. మొదటి అక్షరము పి అయినచో తప్పు ఇంజను, గేరుబాక్సుల విభాగమునకు చెందినది. సి అనగా బ్రేకులు, స్టీరింగు వంటి చాసిస్ భాగములు. బి అనగా కారు శరీరములోని ఎయిర్‌బ్యాగు వంటివి. యు అనగా కంప్యూటర్ల నడుమ సంభాషణ తెగుట.

తరువాతి అంకె 0 అయినచో ఆ సంకేతము అన్ని కంపెనీలకు ఉమ్మడిది. 1 అయినచో ఆ కంపెనీ సొంతము. మూడవ స్థానములోని అంకె తప్పు ఏ శాఖలోనిదో చెప్పును: 1, 2 అనగా గాలి, పెట్రోలు, 3 అనగా నిప్పురవ్వ, 4 అనగా పొగ నియంత్రణము, 7, 8 అనగా గేరుబాక్సు. చివరి రెండు అంకెలు ప్రత్యేకమైన తప్పును సూచించును. కావున పి0301 అనగా ఒకటవ సిలిండరులో మంట తప్పుచున్నదని అర్థము. పి0420 అనగా పొగగొట్టములోని కెటలిటిక్ కన్వర్టరు తన పనిని చాలినంతగా చేయలేదని అర్థము. ఉత్తరముపై పిన్‌కోడు చూచి తపాలా ఉద్యోగి ఏ ప్రాంతమో గుర్తించునట్లు, ఈ వ్యాకరణము తెలిసినవారు సంకేతమును చూడగానే తప్పు ఉండు పేటను గుర్తింపగలరు. ఇల్లు మాత్రము వెదకి పట్టుకొనవలసినదే.

అంకెల వెనుక లెక్క

కంప్యూటరు స్కానరునకు పంపునవి మాటలు కావు, పదహారు ఆధారముగా గల అంకెలు. ఈ పద్ధతిలో 9 తరువాత 10కి బదులు ఏ, 11కి బదులు బి, అట్లే 15కు బదులు ఎఫ్ వ్రాయుదురు. ఇంజను వేగము రెండు జంటలుగా వచ్చును. మొదటి జంట 0బి, రెండవది బి8 అనుకొన్నచో, మొదటి దాని విలువ 11. రెండవది 11ను 16తో గుణించి 8 కలుపగా 184. మొదటి దానిని 256తో గుణించి రెండవది కలుపవలెను: 2816, 184 కలిసి 3000. దీనిని 4చే భాగింపగా 750. అనగా ఇంజను నిమిషమునకు 750 చుట్లు తిరుగుచున్నది. కారు కదలక నిలిచి ఇంజను ఆడునపుడు ఇది సహజమైన వేగమే.

నీటి వేడికి ఒక్క జంట చాలును. వచ్చిన సంఖ్యనుండి 40 తీసివేసినచో సెంటిగ్రేడు డిగ్రీలు వచ్చును. 7బి వచ్చినచో 123. 40 తీయగా 83 డిగ్రీలు. 40 తీయుట ఎందుకనగా, మంచుదేశముల చలిని కూడ ఋణ సంఖ్య పంపకయే తెలుపుటకు. సున్న వచ్చినచో మైనస్ 40 డిగ్రీలు. ఈ చిన్న సంగతి కొల్లేటి ఒడ్డున ఎట్లు ఉపయోగపడునో చూడదగును.

కొల్లేటి తీరమున మైనస్ 40 డిగ్రీలు

చెమ్మగాలిలో విద్యుత్ తీగల కలయికలు పచ్చగా చిలుము పట్టును. పొలముల ప్రక్క నిలిపిన కార్లలో ఎలుకలు తీగలు కొరుకుట కూడ అందరు ఎరిగినదే. నీటి వేడిని కొలుచు సెన్సరు, చల్లగా ఉన్నపుడు విద్యుత్తును ఎక్కువగా నిరోధించు పదార్థముతో చేయబడినది. వేడెక్కిన కొలది దాని నిరోధము తగ్గును. ఎలుక తీగను కొరికినచో నిరోధము అనంతమగును. అప్పుడు కంప్యూటరునకు ఇంజను భరింపరాని చలిలో ఉన్నట్లు తోచును. స్కానరు తెరపై వేడి మైనస్ 40 అని కనబడును. పి0118 అను సంకేతము వచ్చును.

సంకేతమును మాత్రమే చదివినవాడు సెన్సరు చెడినదని కొత్తది కొనును. వేడి ఎంతో కూడ చూచినవాడు, మే నెలలో మండవల్లిలో మైనస్ 40 డిగ్రీలు అసంభవమని నవ్వి, తీగను వెదకును. ఇద్దరి చేతిలోనిది ఒకే సంకేతము. ఖర్చులో మాత్రము ఎంతో భేదము. సంకేతముతో పాటు అప్పటికప్పటి కొలతలను కూడ చూపు స్కానరునే కొనవలెనని చెప్పుటకు ఇదియే కారణము.

సాక్షి వేరు, దోషి వేరు

పి0171 అను సంకేతము మరియొక ఉదాహరణము. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అయినదని దీని భావము. ఈ సంగతి చెప్పునది పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సరు. అందువలన పెక్కుమంది ఆ సెన్సరునే మార్పింతురు. ఇది దొంగతనము చూచి చెప్పిన సాక్షిని జైలులో పెట్టుట వంటిది. సాధారణముగా అసలు కారణము పగిలిన గాలిగొట్టమో, మూసుకొన్న పెట్రోలు ఫిల్టరో, సెన్సరుకు ముందు తుప్పుతో చిల్లుపడిన పొగగొట్టమో అయియుండును. కొత్త సెన్సరు వేసినను అదియు ఆ మాటే చెప్పును. కొద్ది రోజులలో దీపము మరల వెలుగును.

కారణమును వెదకుటకు స్కానరు ఒక దారి చూపును. పెట్రోలు చాలలేదని తోచినపుడు కంప్యూటరు కొంత ఎక్కువ పోయును. ఈ సవరణను నూటికి ఇంతయని తెరపై చూడవచ్చును. లోనికి పోవు గాలి బరువును కొలుచు సెన్సరు గల కార్లలో, ఇంజను మెల్లగా ఆడునపుడు సవరణ హెచ్చుగా ఉండి, వేగము 2500 చుట్లకు పెంచగానే తగ్గినచో, ఎక్కడనో దొంగగాలి దూరుచున్నదని ఊహింపవచ్చును. చిల్లు గుండా పోవు గాలి కొంచెమే. ఇంజను పీల్చు గాలి పెరిగినపుడు దాని పాలు తగ్గిపోవును. వేగముతో పాటు సవరణ కూడ పెరిగినచో పెట్రోలు సరఫరాను అనుమానింపవలెను. సంకేతము ప్రశ్నను ఇచ్చును. సమాధానము కొలతలలో ఉండును.

కొనునపుడు చూడవలసినవి

మార్కెట్టులో మూడు తరగతుల స్కానర్లు ఉన్నవి. ప్లగ్గులో దూర్చి సెల్‌ఫోనుతో చదువు చిన్న బిళ్లలు మొదటివి. వీటి వెల సాధారణముగా వందలలోనే. సొంత తెర, తీగ గల చేతిపెట్టెలు రెండవవి. ఇవి వేలలో ఉండును, ఫోను అక్కరలేదు. మూడవవి షెడ్లలో వాడు పెద్ద యంత్రములు. ఇంటికి వాటి అవసరము లేదు. మొదటి రెండింటిలో ఏది కొన్నను ఈ క్రింది పరీక్షలకు నిలువవలెను.

ఒకటి, నిలిచిన సంకేతములతో పాటు అనుమాన సంకేతములను కూడ చదువవలెను.

రెండు, వేగము, నీటి వేడి, పెట్రోలు సవరణ, ఆక్సిజన్ సెన్సరు వోల్టేజి మొదలగు కొలతలను ఇంజను ఆడుచుండగా చూపవలెను.

మూడు, తప్పు జరిగిన క్షణమున కంప్యూటరు దాచుకొన్న కొలతలను చూపవలెను. వీటిని ఫ్రీజ్ ఫ్రేమ్ అందురు. తప్పు ఎత్తు వంతెన ఎక్కునపుడు జరిగినదా, నిలిచియున్నపుడు జరిగినదా అని వీటివలన తెలియును.

నాలుగు, పాత పద్ధతులతోను క్యాన్ అను కొత్త పద్ధతితోను మాటలాడగలిగి యుండవలెను. క్యాన్ పద్ధతిని జర్మనీలోని బాష్ కంపెనీ 1986లో ప్రకటించినది. కొన్ని చౌక బిళ్లలు క్యాన్ తప్ప పాత భాషలను సరిగా ఎరుగవు; పాత కారు కలవారు ఈ విషయమున జాగ్రత్త పడవలెను.

ఐదు, ఫోనునకు పొత్తు కుదరవలెను. సాధారణ బ్లూటూత్ బిళ్లలు ఆండ్రాయిడ్ ఫోన్లకు సరిపోవును గాని ఐఫోనుకు కుదరవు. దానికి వైఫై గలది గాని, తక్కువ శక్తితో పనిచేయు కొత్త బ్లూటూత్ గలది గాని కావలెను.

ఈ బిళ్లలపై తరచుగా ఈఎల్ఎమ్ 327 అను పేరు కనబడును. కెనడాలోని ఈఎల్ఎమ్ ఎలక్ట్రానిక్స్ అను చిన్న కంపెనీ 2005లో ఈ పేరుతో ఒక చిప్పును చేసినది. దాని మొదటి నమూనాకు నకలు కాకుండ రక్షణ లేకపోవుటచే ప్రపంచమంతట ప్రతులు పుట్టినవి. కంపెనీ 2022లో మూతపడినది. పెక్కు బిళ్లలపై ఉండు 1.5 అను సంఖ్య గల చిప్పును ఆ కంపెనీ ఎన్నడును విడుదల చేయలేదు. కాబట్టి పేరును, సంఖ్యను నమ్మరాదు. ప్రతి అయినంత మాత్రమున పనికిరానిదనియు తలపరాదు. సొంత కారులో పెట్టి చూచుటయే పరీక్ష. తిరిగి తీసికొను షరతు గల చోటనే కొనుట మేలు.

చౌక స్కానరు చేయలేని పనులు కూడ కలవు. బ్రేకుల ఏబీఎస్, ఎయిర్‌బ్యాగుల సంకేతములను సాధారణముగా ఇవి చదువలేవు. కొల్లేటి చేపలను దూరదేశములకు మోయు పెద్ద లారీలకు 24 వోల్టుల విద్యుత్తు ఉండును. 12 వోల్టుల కారు బిళ్లను వాటిలో పెట్టరాదు.

పని ముగిసిన వెంటనే బిళ్లను ఊడదీయవలెను. ప్లగ్గులోని 16వ కొనకు తాళము తీసినను బ్యాటరీ విద్యుత్తు వచ్చుచునే యుండును. బిళ్ల 40 మిల్లీయాంపియర్లు త్రాగినచో రోజునకు సుమారు ఒక యాంపియర్-గంట ఖర్చగును. 35 యాంపియర్-గంటల బ్యాటరీలో పదునాలుగు రోజులకు ఐదింట రెండు వంతులు పోవును. ఊరికి పోయి వచ్చిన యజమానికి కారు ఆడకపోవచ్చును.

నీరు చొచ్చిన కారు

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట కురిసిన భారీ వర్షములకు బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మొదలగు భాగములను ముంచినది. ఆ ఏరు దిగువన కలియునది కొల్లేటిలోనే. ఆ వరదలో పెక్కు కార్లు మునిగినవి. మునిగిన కారు విషయమున స్కానరు మొదటి మందు కాదు. స్కానరు చదువవలెనన్నచో తాళము త్రిప్పి విద్యుత్తు పంపవలెను. తడిసిన కంప్యూటరు అందువలన మాడిపోవచ్చును. సిలిండరులో నీరు చేరిన ఇంజనును త్రిప్పినచో, నీరు గాలివలె నొక్కుకొనదు గనుక, లోపలి కడ్డీలు వంగును. నీరు దిగిన తరువాత బ్యాటరీ తీగ విప్పించి, కారును లాగించుకొని పోయి ఆరబెట్టించుటయే సరియైన మార్గము. సంకేతములు చదువుట ఆ తరువాతి పని.

చెరిపివేయుటలో జాగ్రత్త

ప్రతి స్కానరులోను సంకేతమును చెరపు మీట ఉండును. దానిని నొక్కగానే దీపము ఆరును, యజమాని సంతోషించును. కాని జ్వరము తగ్గక ముందే థర్మామీటరును విదిలించుట వలన రోగము పోదు. పైగా దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్ కొలతలు, కంప్యూటరు తనను తాను పరీక్షించుకొన్న ఫలితములు కూడ చెరగిపోవును. మెకానిక్కునకు ఆధారము ఉండదు. ముందు సంకేతమును, కొలతలను కాగితముపై వ్రాసికొని, మరమ్మతు జరిగిన తరువాతనే చెరపవలెను.

ఉన్నతపాఠశాలలో ఉపాధ్యాయులు నిలిపిన కారు ఒకదానికి స్కానరు తగిలించి, గాలి ధారాళముగా ఆడు చోట, ఇంజను వేడెక్కు కొలది నీటి వేడిని నిమిషమునకొకసారి విద్యార్థులచే వ్రాయించి గ్రాఫు గీయింపవచ్చును. ఒక చోట రేఖ పెరుగుట ఆగి ఇంచుమించు సమతలమగును. థర్మోస్టాటు తెరచుకొనుట వలన అట్లు జరుగునని విద్యార్థులు తమంతట కనుగొనగలరు.

ఇక ఆ వానరాత్రి గృహస్థుని సంగతి. స్కానరు లేకున్నను మొదట చూడవలసినవి కొన్ని కలవు. నూనె ఒత్తిడిని గాని వేడిని గాని తెలుపు ఎఱ్ఱ దీపము వెలిగినచో బయలుదేరరాదు. పసుపు దీపము మినుకు మినుకుమని ఆరి వెలుగుచున్నచో, మండని పెట్రోలు కెటలిటిక్ కన్వర్టరులో చేరి మండుచు దానిని కాల్చుచున్నదని సాధారణముగా అర్థము, అప్పుడును పోరాదు. రోగికై 108కు ఫోను చేయవలెను. దీపము నిలకడగా వెలిగి, ఇంజను సాఫీగా ఆడుచు, స్కానరు పి0420 వంటి సంకేతమును చూపి, నీటి వేడి మామూలుగా ఉన్నచో మెల్లగా ఏలూరు చేరవచ్చును. మరునాడు షెడ్డునకు పోవచ్చును. చౌక స్కానరు మెకానిక్కు కాదు, వైద్యుడు కాదు. కాని చీకటిలో పోవలెనా నిలువవలెనా అని తేల్చుకొనవలసిన వానికి, ఊహకు బదులు ఒక కొలత నిచ్చును. ఆ కొలతను అర్థము చేసికొనుట మాత్రము చదువరి వంతు.